అట్ట చిరిగిన పుస్తకానికీ వారసులుంటారు, టీచర్ గారూ

ప్రశ్న: నేను హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాను. వయసు 64. ఉండేది రాజమహేంద్రవరంలో. మూడేళ్లుగా యూట్యూబ్‌లో పాత తెలుగు కథలు చదివి పెడుతున్నాను. చూపు లేనివాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు ఫోన్ చేసి మరీ మెచ్చుకుంటారు. యాడ్స్ మీద నెలకి రెండు మూడు వేలు వస్తాయి, అంతే. పోయిన నెల ఒక కథకి కాపీరైట్ స్ట్రైక్ పడింది. ఆ రచయిత 1980ల్లో పోయారు. వారి మనవడు ఫోన్లో "చదవండమ్మా, తాతగారి కథ నలుగురికీ చేరితే అదే చాలు" అన్నారు. స్ట్రైక్ వేసింది మాత్రం ఒక ప్రచురణ సంస్థ. రెండు లక్షలు కట్టకపోతే జైలు అని మెయిల్ కూడా పెట్టారు. తమ పుస్తకంలోంచి చదివానని ఇంకో కథ కూడా తీసెయ్యమన్నారు. ఆ కథ రాసినాయన స్వాతంత్ర్యానికి ముందే పోయారు. ప్రతి వీడియో కింద "ఎవరి హక్కులకూ భంగం కలిగించే ఉద్దేశం లేదు, కేవలం అభిమానంతో" అని రాస్తూనే ఉన్నాను. అది సరిపోదా? ఇవన్నీ చాలవన్నట్టు, నేను ఎప్పుడూ చదవని కథ నా గొంతుతోనే వేరే ఛానల్లో వినిపిస్తోంది. ఏఐతో చేశారని మా అబ్బాయి అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఛానల్ మొత్తం తీసేయనా?
— విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

సమాధానం:

టీచర్ గారూ, ఛానల్ తీసేయకండి. స్ట్రైక్ అంటే కాపీరైట్ ఫిర్యాదు మీద యూట్యూబ్ వీడియో తీసేసి ఛానల్ మీద వేసే మచ్చ. ఆ వీడియోను మీరే డిలీట్ చేసినా స్ట్రైక్ పోదు. దాని గడువు 90 రోజులు. యూట్యూబ్ వాళ్లు కాపీరైట్ స్కూల్ అని ఒక చిన్న పాఠం పెడతారు. అది పూర్తిచేస్తే, 90 రోజులకి దానంతటదే పోతుంది. ప్రమాదమల్లా ఆ 90 రోజుల్లో మూడు పడటం. అప్పుడు ఛానలే మూసేస్తారు. అందుకని స్ట్రైక్ పడిన తేదీ క్యాలెండర్ మీద రాసుకుని, అనుమానం ఉన్న వీడియోలను ప్రస్తుతానికి ప్రైవేట్‌లో పెట్టండి. మీ శ్రమ మీ దగ్గరే ఉంటుంది, బయటివాళ్లకి కనపడదు.

స్ట్రైక్ తప్పు, వీడియో తిరిగి పెట్టండి అని అడిగే కౌంటర్ నోటిఫికేషన్ బటన్ కోపంలో నొక్కారేమోనని నా భయం. అది ఫిర్యాదు పెట్టె కాదు. అందులో మీరిచ్చే పేరు, చిరునామా అవతలివాళ్లకి వెళతాయి. అవసరమైతే అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని కూడా అందులో రాసివ్వాలి. అవతలివాళ్లు పది పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది, నిజమే. కానీ హక్కు మన వైపు ఉందని కాగితం చేతిలో ఉన్నప్పుడే ఆ పని చేయాలి. మొదటి కథకి మీ దగ్గర ఆ కాగితం లేదు. రెండో కథ సంగతి వేరు. దానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు అసలు లెక్క. "పాత పుస్తకం కదా, ఇంకా కాపీరైట్ ఏమిటి" అని చాలామంది అడుగుతారు. పుస్తకం ఎంత పాతదన్నది మన చట్టం చూడదు. రాసినాయన ఎప్పుడు పోయారన్నది చూస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంతకాలం, పోయిన మరుసటి ఏడాది మొదలుకొని ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గడువు ఎప్పుడూ డిసెంబరు 31నే ముగుస్తుంది. వేళ్ల మీద లెక్కేసుకునే పద్ధతి ఒకటి చెబుతాను. ఇప్పుడు నడుస్తున్న సంవత్సరంలోంచి 61 తీసేయండి. వచ్చిన ఏడాదిలోగానీ అంతకు ముందుగానీ పోయిన రచయితలు తమ జీవితకాలంలో అచ్చు వేయించిన కథలు మీరు నిశ్చింతగా చదువుకోవచ్చు.

గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు కాబట్టి 2022 జనవరి 1 నుంచి స్వేచ్ఛ. చలం పోయింది 1979లో. అంటే 2039 చివరిదాకా ఆగాలి. శ్రీశ్రీ 1983. అంటే 2043. మీకు స్ట్రైక్ తెచ్చిన రచయిత కూడా ఈ వరసలోనే ఉన్నారు. జంట కవులైతే ఇద్దరిలో తర్వాత పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో. ఇద్దరూ కలిసి రాసినవి 2010 చివరిదాకా హక్కులోనే ఉన్నాయి. కలం పేరుతో రాసి, అసలు పేరు ఎప్పటికీ బయటపెట్టనివాళ్ల రచనలకు అచ్చయిన ఏడాది నుంచి 60 లెక్కిస్తారు. రచయిత పోయాక మొదటిసారి వెలుగు చూసిన రచనలకీ అంతే. ట్రంకు పెట్టెలో దొరికిన చేతిరాత కథ ఎవరైనా ఇస్తే ఈ నియమం గుర్తుంచుకోండి.

ఈ 60 మొదట 50గా ఉండేది. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు గనక 1991 చివరికి ఆయన రచనల మీద విశ్వభారతి హక్కు ముగిసిపోవాలి. ముగిసిపోతుందనగా ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, 1992లో చట్టం సవరించి, దేశంలో అందరికీ పదేళ్లు కలిపింది. ఒక్కరి రచనల కోసం అన్ని భాషల పాఠకులూ పదేళ్లు ఆగారు. నాకైతే అది మంచి నిర్ణయం అనిపించదు. పదేళ్లు పెంచినందువల్ల పోయిన రచయిత ఇంకో కథ రాయడు కదా. పైగా టాగూర్ వంటివారి వెనక ఒక సంస్థ ఉంది. మన జిల్లాల్లో రెండు సంపుటాలు వేసి మరచిపోబడ్డ కథకుల వెనక ఎవరూ లేరు. వాళ్ల వారసులెక్కడున్నారో తెలియదు, అనుమతి అడగడానికి దిక్కు లేదు, అడక్కుండా అచ్చు వేయడానికి ధైర్యం లేదు. గడువు తీరేలోపు చెదలే ఆ పుస్తకాలు చదివేస్తాయి.

మీ అమెరికా శ్రోతల మాట కూడా ఒకటి చెప్పాలి. అక్కడి లెక్క మరణం మీద కాదు. ఇలాంటి పాత పుస్తకాలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. 1996 మొదలయ్యేనాటికి మన దేశంలో హక్కు బతికి ఉన్న పుస్తకాలకు అక్కడా ఆ 95 ఏళ్లూ వర్తిస్తాయి. 1940లో అచ్చయిన శ్రీపాద వారి కథ ఒకటి ఉందనుకుంటే, రాజమహేంద్రవరంలో అది స్వేచ్ఛగా ఉన్నా డాలస్‌లో 2035 చివరిదాకా కాదు. దీని మీద ఎవరైనా కేసు వేస్తారా అంటే నేను కంగారు పడను. అయితే యూట్యూబ్ అమెరికా కంపెనీ, ఎప్పుడైనా ఒక ఫారం మీద ఈ మాట ఎదురైతే తెల్లబోకుండా ఉండటానికి చెప్పాను.

ఇక మనవడు గారు. పాపం ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ చట్టం కళ్లతో చూస్తే అది అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉండొచ్చు. కాపీరైట్ కూడా ఆస్తే. ఇంటి స్థలం లాగే వారసులకు వస్తుంది. రచయితకు ముగ్గురు పిల్లలుంటే, విల్లు లేకపోతే, ముగ్గురికీ వాటా. మనవడి తండ్రో తల్లో బతికి ఉంటే మనవడికి వాటాయే రాకపోవచ్చు. స్థలం అమ్మేటప్పుడు ఒక్క మనవడి సంతకంతో రిజిస్ట్రేషన్ అవుతుందా? పైగా అనుమతి రాతపూర్వకంగా ఉండాలని చట్టంలోనే ఉంది. ఫోన్లో అన్నమాట రేపు కాదంటే మీరు చేయగలిగేది ఏమీ లేదు. ఆయనకి ఇవాళే ఒక ఉత్తరం రాయండి. తాతగారికి ఎంతమంది పిల్లలు, ఎవరెవరు ఉన్నారు, విల్లు ఏమైనా ఉందా, ప్రచురణ సంస్థకి ఎప్పుడైనా ఏమైనా రాసిచ్చారా అని నాలుగు ప్రశ్నలు అడగండి. నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం.

ఎందుకంటే సంస్థ దగ్గర ఏముందో మనకి తెలియాలి. పుస్తకం రెండో పేజీలో "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని అచ్చు వేసుకున్నంత మాత్రాన హక్కు రాదు. అలా వేసుకోవడం ఒకప్పుడు అచ్చాఫీసుల్లో అలవాటు. కంపోజిటర్ పాత పుస్తకం చూసి అదే వాక్యం కూర్చిపెట్టేవాడు. హక్కు బదిలీ కావాలంటే రచయితో వారసులో సంతకం పెట్టిన కాగితం ఉండాలి. ఆ కాగితం ఎప్పటిదన్నదాన్ని బట్టి కథ మారుతుంది. 1994లో చేసిన సవరణ ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లే అనుకోవాలి, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అనుకోవాలి. అయితే ఆ సవరణ అమల్లోకి రాకముందు రాసిచ్చినవాటికి ఈ నియమాలు వర్తించవు. మీ రచయిత 1980ల్లోనే పోయారు. ఆయన స్వయంగా సంతకం పెట్టిన కాగితమైతే ఈ అయిదేళ్ల మాట మనకి పనికిరాదు, అందులో రాసిన ప్రతి అక్షరం చూసుకోవాల్సిందే. ఆయన పిల్లలు 2000 తర్వాత ఎప్పుడో పునర్ముద్రణ కోసం ఇచ్చినదైతే, గడువు రాసి ఉండకపోతే, ఈపాటికి అది ముగిసిపోయి కూడా ఉండొచ్చు.

2012 సవరణలో ఇంకో మంచి మాట ఉంది. ఒప్పందం రాసుకున్న నాటికి వ్యాపారంలో లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, హక్కు బదిలీ కాదు. ఆ ఏడాది జూన్ 21 తర్వాత ఒప్పందాలు చేసుకుంటున్న రచయితలు, వారసులు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ వాక్యం కింద గీత పెట్టుకోండి. ఆడియో పుస్తకం, పాడ్‌కాస్ట్, ఏఐ శిక్షణ ఒక్కోటీ వేరు వేరు హక్కు. పుస్తకం వెయ్యమని ఇచ్చినవాడు మిగిలినవన్నీ ఉచితంగా కట్టబెట్టనక్కర్లేదు.

కాబట్టి సంస్థకి మెయిల్ రాయండి. ప్రాధేయపడొద్దు, దబాయించొద్దు. "మీ హక్కుకి ఆధారమైన ఒప్పందం నకలు పంపండి. అది చూశాక నా నిర్ణయం చెబుతాను. ఈలోగా వీడియో అందుబాటులో లేదు" అని మూడు వాక్యాలు చాలు. నిజంగా హక్కు ఉన్నవాళ్లు కాగితం చూపిస్తారు. చూపిస్తే, వీడియో శాశ్వతంగా తీసేస్తాను, స్ట్రైక్ వెనక్కి తీసుకోండి అని అడగండి. ఫిర్యాదు పెట్టినవాళ్లు దాన్ని ఉపసంహరించుకోవడానికి యూట్యూబ్‌లో వీలుంది.

రెండు లక్షలు, జైలు అన్న మాట చూస్తే నాకు నవ్వొచ్చింది. ఆ అంకె ఎక్కడిదో అర్థమైందనుకుంటున్నాను. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల జరిమానా అని ఉంది. జరిమానా అంటే కోర్టు నేరం రుజువైందని తేల్చాక ప్రభుత్వానికి కట్టేది. ప్రచురణకర్త ఖాతాలో వేసేది కాదు. వ్యాపార లాభం కోసం చేయని సందర్భాల్లో శిక్ష అంతకంటే తగ్గించే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది. వాళ్లు సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగవచ్చు, లేదా మీకు వచ్చిన లాభం అడగవచ్చు. ఆ ఒక్క వీడియో మీద మీకు ఎన్ని రూపాయలు వచ్చాయో యూట్యూబ్ స్టూడియోలో కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. వందల్లో ఉంటుందని నా ఊహ. అలాగని తేలిగ్గా తీసుకోమని కాదు. ఈ దావాలు జిల్లా కోర్టు స్థాయిలో వేయాలి, పైగా హక్కుదారు తాను ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. వాళ్ల ఊరికి వాయిదాలకు తిరగడమే మీకు అసలు శిక్ష అవుతుంది. మెయిల్ కాక లాయర్ నోటీసు వస్తే మాత్రం మీరూ లాయర్‌తోనే జవాబిప్పించండి.

స్వాతంత్ర్యానికి ముందే పోయిన రచయిత కథ సంగతి పూర్తిగా వేరు. ఆ కథ మీద ఇవాళ ఎవరికీ హక్కు లేదు. కొత్త ఎడిషన్ వేసినంత మాత్రాన పాత కథ కొత్తగా పుట్టదు. అచ్చుతప్పులు దిద్దినందుకో, అక్షరాలు పెద్దవి చేసినందుకో హక్కు రాదు. ఆ ఎడిషన్‌లో వాళ్లు కొత్తగా రాయించిన ముందుమాట, వివరణలు, కింద ఇచ్చిన అర్థాలు, లోపలి బొమ్మలు మాత్రం వాళ్లవో, వాటిని రాసినవాళ్లవో. మీరు ముందుమాట కూడా చదివి ఉంటే ఆ ముక్క కత్తిరించండి. కథ ఉంచండి. హక్కు లేకుండా కేసు పేరుతో బెదిరించేవాళ్ల మీద ఎదురు దావా వేసే అవకాశం 60వ సెక్షన్‌లో ఉంది. ఈ కథకి ఆ మాట మెయిల్‌లో మర్యాదగానే ప్రస్తావించవచ్చు. మొదటి కథకి మాత్రం ఎత్తకండి. అక్కడ హక్కు సంస్థది కాకపోయినా వారసులదైనా అవుతుంది, మీది కాదు.

ఇలా ఒకే పుస్తకంలో ఒక్కో పొర మీద హక్కు ఒక్కొక్కరిది కావచ్చు కాబట్టి మీ ఛానల్‌కి వెళ్లి చూడండి. థంబ్‌నెయిల్స్‌లో బాపు బొమ్మలు పెట్టి ఉంటారని పందెం కాస్తాను, అందరూ పెడతారు. బాపు పోయింది 2014లో. కథ గురజాడదైనా బొమ్మ 2074 చివరిదాకా ఆయన వారసులదో, గీయించుకున్నవారిదో. శరత్ కథలు చదివి ఉంటే ఇంకో చిక్కు. శరత్ 1938లో పోయారు, బెంగాలీ మూలం అందరిదీ. మీరు చదివిన తెలుగు మాత్రం అనువాదకుడిది. ఆయన మరణం నుంచి వేరే 60. శరత్‌ని తెలుగువాడే అనుకుని పెరిగిన తరం మనది. అనువాదకుడి పేరు అట్ట మీద వెతికి చూసినవాళ్లు ఎంతమంది? నేపథ్యంలో వీణ వినిపిస్తుంటే అదీ అంతే. త్యాగరాజస్వామి కృతి ఎవరిదీ కాదు, ఆ రికార్డు మాత్రం విడుదలైన ఏడాది నుంచి 60 ఏళ్లు దాన్ని తయారుచేసినవారిది. దాని మీద వచ్చేది ఎక్కువగా స్ట్రైక్ కాదు, క్లెయిమ్. యంత్రం పట్టుకుంటుంది, యాడ్స్ డబ్బులు అటు పోతాయి, ఛానల్‌కి ప్రమాదం లేదు. సంగీతం తీసేస్తే సరిపోతుంది. మీ గొంతుకి తోడు ఎందుకసలు?

వీడియో కింద రాసే వాక్యం గురించి అడిగారు. దానికి ఏ విలువా లేదు. పైగా అది మీకే ఎదురు తిరగొచ్చు. హక్కు ఇంకొకరిదని తెలిసే చదివారని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. రేపే తీసేయండి. దాని బదులు రచయిత పేరు, పోయిన సంవత్సరం, పుస్తకం ఏ ఎడిషన్, అనుమతి ఎవరిది అన్నవి రాయండి.

ఇక్కడ మీకు అన్యాయం అనిపించే విషయం ఒకటుంది, నాకూ అనిపిస్తుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇవే కథలు తరగతిలో గొంతెత్తి చదివారు. పాఠం చెప్పే క్రమంలో అది పూర్తిగా చట్టబద్ధం. అదే గొంతు, అదే కథ, ఫోన్ ముందు కూర్చుని చదివితే ఉల్లంఘన. చట్టం చూసేది చదవడాన్ని కాదు, అది ఎవరికి చేరుతుందన్నది. నలభై మంది పిల్లలున్న గది వేరు, ప్రపంచం మొత్తానికి తెరిచిన తలుపు వేరు. అయినా 52వ సెక్షన్ మీకు కొంత చోటు వదిలింది. అచ్చయిన రచనలోంచి సమంజసమైనంత భాగం బహిరంగంగా చదవవచ్చు. విమర్శ, సమీక్ష కోసం ఉటంకించవచ్చు. అంటే హక్కులో ఉన్న కథ మొత్తం చదవకుండా, రెండు మూడు పేరాలు చదివి, ఆ మాండలికం ఎక్కడిది, ఆ పాత్ర అలా ఎందుకు మాట్లాడింది, ఆ సామెత ఇప్పుడు ఎవరంటున్నారు అని మీరు పాఠం చెప్పవచ్చు. తెలుగు టీచరు చేతిలో అది కథ కంటే రక్తి కట్టొచ్చు.

చూపు లేని శ్రోతల కోసమైతే ఇంకా మంచి దారి ఉంది. 2012లో చేర్చిన నియమం ప్రకారం, వైకల్యం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేకుండా పనిచేసే సంస్థలు హక్కులో ఉన్న పుస్తకాలనైనా ఆడియోగా మార్చి వారికి ఇవ్వవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. షరతు ఒక్కటే, అవి వారికి మాత్రమే చేరేట్టు చూసుకోవాలి. అందువల్ల యూట్యూబ్‌కి ఇది వర్తించదు. ఇదే ఉద్దేశంతో వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. మీ దగ్గర్లో అంధుల కోసం పుస్తకాలు రికార్డు చేయించే సంస్థ ఏదైనా ఉందేమో కనుక్కోండి. చలం మొత్తం చదవండి అక్కడ, ఎవరూ అడ్డుపడరు.

చివరికి మీ గొంతు. దీని మీదే మీకు ఎక్కువ బాధ ఉందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది, రాత అక్కడ తడబడింది. రెండు విషయాలు విడదీసి చూద్దాం. మీరు చేసిన రికార్డింగ్‌ని ఎవరైనా యథాతథంగా ఎత్తుకుని పెట్టుకుంటే అది కాపీరైట్ ఉల్లంఘనే. రికార్డింగ్ మీది, చదివిన కళాకారిణిగా ప్రదర్శన హక్కూ మీది. అప్పుడు మీరే స్ట్రైక్ వేయవచ్చు. ఇప్పుడు జరిగింది అది కాదు. మీ వీడియోల మీద యంత్రానికి శిక్షణ ఇచ్చి, మీరు పలకని మాటలు మీ గొంతుతో పలికించారు. బయటికి వచ్చినదాంట్లో మీ రికార్డింగ్ ముక్క ఒక్కటీ లేదు. గొంతుకి, స్వరానికి విడిగా కాపీరైట్ ఇచ్చే మాట 1957 చట్టంలో ఎక్కడా లేదు.

కోర్టులు మాత్రం ఇంకో దారిలో వస్తున్నాయి. వ్యక్తిత్వ హక్కు అంటున్నారు. గాయకుడు అరిజిత్ సింగ్ తన గొంతుని ఏఐతో అనుకరించే యాప్‌ల మీద వెళితే 2024 జూలైలో బాంబే హైకోర్టు వాటిని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు ఢిల్లీ హైకోర్టు 2022లో అమితాబ్ బచ్చన్‌కి, 2023లో అనిల్ కపూర్‌కి ఇలాంటి రక్షణలే ఇచ్చింది. గమనించండి, అందరూ పెద్దవాళ్లే. వాళ్ల పేరుకి మార్కెట్లో ధర ఉంది గనక నష్టం చూపించడం తేలిక. రిటైరైన టీచరు గొంతుకి ధర ఎంత అని అడిగితే మనం ఏం చూపిస్తాం? అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం 2024లో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పేరు కలిసొచ్చేట్టు ఒక చట్టం చేసి, గొంతుని కూడా మనిషి సొంత హక్కుగా రాసుకుంది. అలాంటి సూటి చట్టం మనకి లేదు. ఉండాలి, అదీ సినిమావాళ్లకి మాత్రమే కాకుండా. మన గొంతులు ఊరికొకటి. గోదావరి దీర్ఘం, పాలమూరు యాస, శ్రీకాకుళం పలుకు యంత్రానికి తిండిగా కావాల్సినవాళ్లు ముందు వచ్చేది మీలాంటి ఛానళ్ల దగ్గరికే.

చట్టం వచ్చేదాకా మీరు చేయగలిగేది చెబుతాను. ఆ వీడియో మీద కాపీరైట్ ఫిర్యాదు పెట్టకండి, అది నిలబడకపోతే మీ మాటకే విలువ తగ్గుతుంది. ప్రైవసీ ఫిర్యాదు పెట్టండి. తమ ముఖాన్నో గొంతునో ఏఐతో అనుకరించిన వీడియోలు తీసేయమని మామూలు మనుషులు కూడా అడిగే వీలు యూట్యూబ్ 2024లో తెచ్చింది. ఫిర్యాదు గొంతు గలవారే పెట్టాలి గనక మీ అబ్బాయి చేత కాకుండా మీ ఖాతా నుంచే పెట్టండి. అంతకు ముందు ఆ వీడియో లింకు, తేదీ, మీ అసలు గొంతుతో పోల్చి చూపే రెండు వీడియోల లింకులు రాసి పెట్టుకోండి. అది మీరే చదివారనుకుని మీ శ్రోతల్లో ఎవరైనా కామెంట్ పెట్టి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ బంగారం. మీ పేరు చెప్పి విరాళాలు అడుగుతున్నా, ఏదైనా అమ్ముతున్నా మాత్రం అది మోసం. 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కంప్యూటర్ సాయంతో ఇంకొకరిలా నటించి మోసగించడానికి ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి.

అనుమతి పత్రం ఎలా రాయించుకోవాలో తెలియదంటారేమో, నమూనా ఇస్తున్నాను. మనవడు గారికి ఇదే పంపండి: "కీర్తిశేషులు ఫలానా గారి చట్టబద్ధ వారసులమైన మేము, వారి ఈ కింది కథలను ఫలానా వారు తమ గొంతుతో చదివి, తమ యూట్యూబ్ ఛానల్లో ఉంచడానికి ఇన్నేళ్లపాటు, ప్రపంచమంతటికీ వర్తించేలా, ప్రతిఫలం లేకుండా అనుమతిస్తున్నాము. యాడ్స్ మీద వచ్చే ఆదాయం వారిదే. ఈ రికార్డింగులను ఏఐ శిక్షణకు ఇవ్వడానికి ఈ అనుమతి వర్తించదు. ఈ కథల ఆడియో హక్కులు మేము ఇంతవరకు ఎవరికీ రాసివ్వలేదు." కింద కథల పేర్లు, తేదీ, వారసులందరి సంతకాలు. ఆడియో హక్కులు ఎవరికీ రాసివ్వలేదన్న చివరి వాక్యం దగ్గర వాళ్లు తటపటాయిస్తే, సంతకాలు తీసుకోకుండా ఆ పాత ఒప్పందం చూపించమని అడగండి.